పగడం విచ్చుకునేదాకా

తెల్లవారక ముందే ఆ ఇంట్లో పని మొదలవుతుంది. తల్లి బట్టీ రాజేస్తుంది. కూతురు మైదా జల్లిస్తుంది. మేనమామ నిన్నటి ట్రేలు ముందేసుకుని కూర్చుని గీకుతాడు. అడుగంటిన మాడు పెచ్చు ఒక్కటి మిగిలినా ఆయనకు నిద్ర పట్టదు. మనుషుల్లో తప్పులు కూడా అంతే శ్రద్ధగా గీకుతాడు గనక వీధిలో అందరూ ఆయన్ని గీకుడు మామయ్య అంటారు.

"అక్కా, నిన్నటి రొట్టెకి ఉప్పు తక్కువైంది."

"కొన్నవాళ్ళెవరూ అనలేదే."

"వాళ్ళు మర్యాదస్తులు. నేను నీ తమ్ముణ్ణి."

కలిపిన పిండిని తొట్లలో సర్ది నేలమాళిగ మెట్ల మీద పెడతారు. చల్లదనానికి పిండి నిదానంగా పొంగుతుంది, నిదానంగా పొంగిన పిండికే రుచి. ఆ నేలమాళిగలో సగం మెట్లు పొడిగా ఉంటాయి. అక్కణ్ణుంచి కిందంతా సముద్రం. ఒడ్డున పిల్లలు ఆడుకునే సముద్రం కాదు. ఎండ ఎలా ఉంటుందో ఎరగని నడిసముద్రపు అడుగు. నల్లగా, ఉప్పగా, ఎముకలు కొరికే చలితో మెట్టుకు ఆనుకుని నిలబడి ఉంటుంది. నీటిపన్ను వేసే ఉద్యోగి ఒకసారి వచ్చి లోతు కొలవడానికి తాడు వదిలాడు. తాడు అయిపోయింది. కాగితం మీద 'బావి' అని రాసుకుని, ఒక బన్ను తిని వెళ్ళిపోయాడు. ఎండాకాలంలో పాలవాడు తన క్యాన్లు పై మెట్టు మీద పెట్టుకుంటాడు. అందుకు బదులు ఆ ఇంటికి చిక్కటి పాలు పోస్తాడు.

నీళ్ళలోని మొదటి మెట్టు పక్కన గోడకి పగడపు పొద ఉంది. తల్లి పుట్టినప్పుడు ఎంత ఉండేదో, ఆమె జుట్టు నెరిసేసరికి దానికి ఒక బెత్తెడు కలిసిందంతే. లాంతరు పట్టుకుని చూస్తే కొమ్మల నిండా లేత నారింజ రంగు పువ్వులు. పువ్వులని మాటవరసకి అంటాం గానీ అవి నోళ్ళు. ఒక్కో నోటి చుట్టూ సన్నటి వేళ్ళు. పైనుంచి రాలే నలుసుల్ని ఆ వేళ్ళతో అందుకుని తింటాయి. ఏదైనా తగిలితే చటుక్కున ముడుచుకుని, ఎవరి రాతిగిన్నెలోకి వాళ్ళు దూరిపోతాయి. ముడుచుకున్నంతసేపూ తిండి ఉండదు.

ఆ ఇంటికొక కట్టుబాటు ఉంది. పనివాడుగా గానీ, పెళ్ళి సంబంధంగా గానీ ఆ ఇంట్లోకి రాదలచినవాళ్ళు మెట్లు దిగి ఒక వేలితో పగడాన్ని తాకాలి. పగడం ముడుచుకుంటే ఆ మనిషి పనికిరాడు. ముడుచుకోకపోతే ఆ ఇంటి మనిషి. తల్లి పెళ్ళి అలాగే జరిగింది. పోయిన భర్త మాట వచ్చినప్పుడల్లా ఆమె అదే చెప్పేది.

"ఆయన వేలు పెడితే ఒక్క పువ్వు కూడా చలించలేదు. అదీ మనిషంటే."

కూతురికి ముప్పై దాటాయి. ఆమె కోసం వచ్చిన సంబంధాలన్నీ ఆ మెట్ల మీదనే ఆగిపోయాయి. ఒక బడిపంతులు, ఒక తాపీమేస్త్రీ, ఒక పడవల రంగులవాడు. ముగ్గురికీ పగడం ముడుచుకుంది. పంతులు మంచివాడని ఊరంతా అన్నారు. "ఊరికి మంచివాడేమో. మనింటికి కాదు" అంది తల్లి. కూతురు ఎదురు చెప్పలేదు. ఆ పిల్లకు మాట పడటం తెలుసు, మాట అనడం అప్పటికింకా తెలియదు.

తల్లి చెడ్డది కాదు. ఒకరి ఎంగిలికి ఆశపడకుండా, అబద్ధం ఆడకుండా, అరువు అడగకుండా బతికిన మనిషి. కాకపోతే ఆమెకు ఒక నమ్మకం ఉంది. కదలనిదే మంచిదని, చప్పుడు లేని ఇల్లే సుఖమైన ఇల్లని. ఆ నమ్మకం చాలామందికి ఉంటుంది. అందువల్ల చాలా ఇళ్ళు చప్పుడు లేకుండా పాడవుతాయి.

కొత్తగా పిండి కలిపే మిషన్ కొన్నప్పుడు, దాన్ని పెట్టడానికి నేలమాళిగ తలుపు పక్కన తప్ప చోటు దొరకలేదు. ఆ మిషన్ తిరిగితే మైదా పొగలా లేచేది. అది మెట్ల మీదుగా దిగి నీళ్ళలో పడి పగడం మీద పేరుకునేది. పగడం తన ఒంటినుంచి జిగురు వదిలి, ఆ జిగురుతో పాటు పిండిని జార్చేసేది. పొద్దున పడేది, సాయంత్రానికి తుడుచుకునేది. మర్నాడు మళ్ళీ పడేది.

ఆ మెట్ల మీదకి అడుగునుంచి ముళ్ళబంతులు ఎక్కి వచ్చేవి. నిమ్మకాయంత ఒళ్ళు, చుట్టూ సూదుల్లాంటి ముళ్ళు, కింద అయిదు పళ్ళ నోరు. ఆ నోటితో గోడనీ, మెట్టునీ, పగడపు మోడునీ బరబరా గీకుతూ పోయేవి. అవి దగ్గరికి రాగానే పగడం ముడుచుకునేది. తల్లి అది చూసింది.

"కొరుక్కు తింటున్నాయి నా పగడాన్ని. చూడు, ఎలా భయపడి చస్తోందో."

బట్టీలోంచి రొట్టెలు తీసే పొడుగు పారతో వాటన్నిటినీ ఎత్తి బకెట్లో వేసింది. రేవుకి తీసుకెళ్ళి పారబోయించింది. మళ్ళీ ఎక్కకుండా నీటి మెట్టుకి అడ్డంగా పాత జల్లెడ తీగవల బిగించింది. చేతికంటిన తడి తుడుచుకుంటూ పైకి వచ్చేసరికి తమ్ముడు ట్రే ఎత్తి చూపిస్తున్నాడు.

"అక్కా, ఈ మూల..."

"ఒరేయ్, నువ్విక లోపలికి రాకు. వీధరుగు మీద కుర్చీ వేయిస్తాను. కాళ్ళు చాపుకుని కూర్చో. నీ గీకుడుకీ నీకూ ఓ దణ్ణం."

ఒకే పూట రెండు పనులూ అయిపోయాయి. ఇల్లు ప్రశాంతమైంది. మామయ్య అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ చెప్పుల్లో తప్పులు వెతికేవాడు. ట్రేల అడుగున మాడు పేరుకుంది. రొట్టెల అడుగు నల్లబడింది. అమ్మగారి ముఖం చూసి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ రోజుల్లోనే పనికోసం ఒక నవ్వుముఖంవాడు వచ్చాడు. అమ్మగారి రొట్టె తింటే తన తల్లి గుర్తొచ్చిందన్నాడు. మెట్లు దిగి చేతికందిన కింది కొమ్మను తాకాడు. పగడం ముడుచుకోలేదు. ఒక్క పువ్వూ కదల్లేదు.

"చూశావుటే, మీ నాన్న తర్వాత ఇన్నాళ్ళకి" అంది తల్లి, కళ్ళు తుడుచుకుంటూ.

వానలు మొదలయ్యేలోగా ఆ నవ్వుముఖంవాడు కాటా మీది ఇత్తడి తూకపు గుండ్లన్నీ మూటకట్టుకుని మాయమయ్యాడు. "పగడం ఒప్పుకున్న మనిషి. పాపం వాడికేం కష్టం వచ్చిందో" అంది తల్లి. అరుగు మీది కుర్చీలోంచి దగ్గు వినిపించింది. మామయ్యకు దగ్గు జబ్బు లేదు.

కొత్త గుండ్లు కావాలి గనక కాటాలు బాగుచేసే మనిషిని పిలిపించారు. నలభైకి దగ్గరగా ఉంటాడు. తక్కువ మాట్లాడతాడు. మాట్లాడితే మాత్రం ఎదుటివాళ్ళకి నచ్చుతుందా లేదా అని చూసుకోడు. కాటాని ఒకసారి కళ్ళకి సమంగా ఎత్తి చూశాడు.

"ఇది పనిచెయ్యట్లేదండి."

"ఎందుకు చెయ్యదు? ముల్లు చూడు, ఎంత నిలకడగా ఉందో. అసలు ఊగదు."

"ఊగదండి. తుప్పు పట్టింది. గుండు వెయ్యగానే ముల్లు ఊగాలి. ఊగితేనే కాటా బతికున్నట్టు. ఊగి ఊగి ఎక్కడికొచ్చి ఆగిందో అది చూసుకోవాలి."

"అంటే ఇన్నాళ్ళూ నేను తప్పుడు తూకం వేశానంటావా?"

"తెలిసి వేశారని అనట్లేదు అమ్మగారూ. వేశారని అంటున్నాను."

తల్లి ముఖం కందగడ్డ అయింది. కానీ ఆ రోజునుంచి ఎవరు రొట్టె కొన్నా చేతిలో ఒక బన్ను ఊరకే పెట్టేది. తన తప్పు తనకు తెలిస్తే దిద్దుకునే మనిషే. తెలియడమే కష్టం.

లోపల పిండి పిసుకుతున్న కూతురు ఆ మాటలన్నీ విన్నది. తల్లితో అలా మాట్లాడి, తల ఎగరెయ్యకుండా, తల దించకుండా, మళ్ళీ పనిలో పడిపోయిన మనిషిని ఆమె మొదటిసారి చూసింది. కాటా బాగయ్యేదాకా అతను నాలుగైదుసార్లు రావలసివచ్చింది. బాగయ్యాక కూడా వస్తున్నాడు.

"కాటా మళ్ళీ పాడైందా?" అని అడిగాడు అరుగు మీది మామయ్య.

"లేదండి, బాగానే ఉంది."

"మరి?"

"మీ మేనకోడలిని అడగడానికి వచ్చాను. పెళ్ళి చేసుకుంటారా అని."

"అడుగు. రొట్టె కొనడానికి వచ్చానని చెప్పనందుకు సంతోషం. మాడు రొట్టె కొనేవాణ్ణి నేను నమ్మను."

అడిగాడు. ఆమె చేతులకున్న పిండి దులుపుకుంది. సరేనంది. వెంటనే మెట్ల సంగతి చెప్పింది.

"ముడుచుకుంటే మా అమ్మ ఒప్పుకోదు."

"ముడుచుకోక ఏం చేస్తుంది? ఆ చలిలో ఎవరిదో వేలొచ్చి నాకు తగిలితే నేనూ ముడుచుకుంటాను" అన్నాడతను.

ఆమెకు నవ్వు వచ్చింది. తర్వాత భయం వేసింది. తల్లి మాట తప్పని మనిషి. ఇతనికీ పగడం ముడుచుకుంటే ఇక ఈ గుమ్మంలోకి అడుగు పెట్టనివ్వదు. ఆ తర్వాత ఇంకెవరూ రారు.

"ఎల్లుండి దిగమను. వాడి నోరు మంచిది కాదు. పగడమే చెబుతుంది" అంది తల్లి.

మర్నాడు మధ్యాహ్నం, బట్టీ చల్లారి తల్లి కునుకు తీస్తున్న వేళ, కూతురు లాంతరు పట్టుకుని మెట్లు దిగింది. నవ్వుముఖంవాడు తాకిన కింది కొమ్మ మీద వేలు పెట్టింది. అది కదల్లేదు. గట్టిగా నొక్కింది. కదల్లేదు. గోటితో గీకింది. పిండి, జిగురు, గోధుమరంగు నాచు కలిసి మందంగా పొరలా ఊడి వచ్చాయి. కింద తెల్లటి రాయి. గోరు తగిలితే ఎముకలా టక్కుమంది. నారింజ పువ్వులనుకున్నవి పువ్వులు కావు, ఖాళీ గిన్నెల్లో పేరుకున్న మడ్డి. లాంతరు తిప్పి చూసింది. పొదలో ముప్పాతిక అంతే. తుడుచుకుని తుడుచుకుని అలిసిపోయి, గీకిపెట్టే దిక్కులేక, పిండి కింద ఊపిరాడక పోయింది. పైన కొన్ని కొమ్మల మీద మాత్రం ప్రాణం మిగిలి ఉంది.

చచ్చినదానికి ఉలుకేముంది, పలుకేముంది? ఆ నవ్వుముఖంవాడు ఎలా నెగ్గాడో అప్పుడు తెలిసింది.

దానితోపాటు ఇంకొకటి కూడా తెలిసింది. రేపు అతని వేలు ఈ కింది కొమ్మ మీద పెట్టిస్తే చాలు. లాంతరు తన చేతిలోనే ఉంటుంది. వెలుగు ఎక్కడ పడాలో తనే చూసుకోవచ్చు. తల్లి సంతోషంగా ఒప్పుకుంటుంది. ఎవరికీ నష్టం లేదు. ఎవరికీ నష్టం లేదనే మాట మనసులోకి వచ్చినప్పుడే మనిషి జాగ్రత్తపడాలి.

ఆమె పైకి వచ్చి అరుగు మీద మామయ్య పక్కన కూర్చుంది. ఉన్నదంతా చెప్పింది.

మామయ్య వీధిలో పోతున్న ఒక చెప్పుల జత మీంచి చూపు తీశాడు. "పెట్టించు అమ్మడూ. పెళ్ళి అయిపోతుంది. మంచివాడే. కాకపోతే ఆ తర్వాత రోజూ పిండి తొట్టి కోసం ఆ మెట్లు దిగాల్సింది నువ్వే. నేను కాదు, మీ అమ్మా కాదు."

"మరి ఏం చెయ్యను?"

"నేనేం చెబుతాను? నన్ను లోపలికి రావద్దన్నారుగా."

ఆమె లేచి వెళ్ళి తల్లిని నిద్రలేపింది.

"అమ్మా, రేపు వద్దు. పగడానికి బాగాలేదు."

"ప్రశాంతంగా ఉంది కదే."

"ప్రశాంతంగా లేదమ్మా. పోయింది. ముప్పాతిక పోయింది. వచ్చి చూడు."

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల తల్లి మాటకి ఎదురు మాట చెప్పడం అదే మొదలు. తల్లి దిగింది. కొమ్మ గీకి చూసింది. ఊడివచ్చిన పొరని వేళ్ళ మధ్య నలిపితే మైదా వాసన వేసింది. తన మైదా. "ఆ దొంగవెధవ కాలు మంచిది కాదు" అని మాత్రం అని పైకి వచ్చేసింది. మర్నాడు పొద్దున కూతురు లేచేసరికి పిండి మిషన్ వీధి వైపు గోడకి జరిగి ఉంది. నేలమాళిగ తలుపుకి తడిపిన గోనెపట్టా వేలాడుతోంది. ఎవరు జరిపారని ఎవరూ అడగలేదు.

కూతురు తీగవల ఊడదీసింది. కొన్నాళ్ళకి ముళ్ళబంతులు ఒకటొకటిగా చీకట్లోంచి ఎక్కి వచ్చాయి. పాచి పట్టిన కొమ్మల మీద చేరి బరబరా గీకడం మొదలుపెట్టాయి. ఒక్కోసారి బతికున్న అంచు దాకా వచ్చి దాన్నీ కాస్త గీరేవి. గీరినప్పుడల్లా పగడం ముడుచుకునేది. ఆమె చెయ్యి అడ్డం పెట్టబోయి, ఆపుకుని, మెట్టు మీదే కూర్చునేది. ముళ్ళబంతి అలా పక్కకి జరగగానే పువ్వులు మళ్ళీ విచ్చుకునేవి. రోజులు గడిచేకొద్దీ ముడుచుకోవడమూ తగ్గింది, విచ్చుకోవడానికి పట్టే సమయమూ తగ్గింది. గీకిన చోట, శుభ్రమైన తెల్లరాయి మీదికి లేత నారింజ పొర అంచునుంచి మెల్లగా పాకసాగింది.

ఒకరోజు ముళ్ళు లేనిదొకటి వచ్చింది. అయిదు చేతుల నక్షత్రం. మెత్తగా, చప్పుడు లేకుండా, చూడముచ్చటగా వచ్చి ఒక కొమ్మని కావలించుకుంది. అది లేచిన చోట మాంసం లేదు, రాయి మిగిలింది. ఆ చుట్టుపక్కల కొమ్మలు ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే, రోజు మారినా విచ్చుకోలేదు. ఆ నక్షత్రాన్ని ఆమె తన చేత్తోనే పెరికి లోతుకి వదిలేసింది. పగడం అందరికీ ముడుచుకుంటుంది. ఎవరికి మళ్ళీ విచ్చుకుంటుందో అదీ చూడాల్సింది. కాటాలాయన ముల్లు గురించి అన్న మాట ఆమెకి అప్పుడు పూర్తిగా అర్థమైంది.

వానలు వెలిశాక అతన్ని పిలిచారు. మామయ్య లాంతరు పట్టుకున్నాడు. అక్కగారే రమ్మంది. తల్లీకూతుళ్ళిద్దరూ దగ్గరగా వంగి చూడాలి, ఇంకొకరు దీపం పట్టుకోవాలి, ఇంట్లో మరి మనుషులు లేరు.

"ఏ కొమ్మ?" అన్నాడు కాటాలాయన చెయ్యి కడుక్కుని.

"పైది. నారింజ రంగుది. బతికున్నది" అంది కూతురు.

అతను వేలు పెట్టాడు. కొమ్మ కొమ్మంతా ఒక్కసారి ముడుచుకుంది. లాంతరు వెలుగులో రాయి తప్ప ఏమీ మిగల్లేదు.

తల్లి నిట్టూర్చింది. "అయిపోయింది. పైకి పదండి."

"కూర్చో అమ్మా" అంది కూతురు.

"ఏమిటీ?"

"కాసేపు కూర్చో."

తల్లి నివ్వెరపోయి చూసింది. చూసి, తడిమెట్టు మీదే కూర్చుంది. కాటాలాయన వేలు తియ్యలేదు. తియ్యమని ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. ఒక ముళ్ళబంతి మోడు చుట్టూ గీకుతోంది. నీళ్ళ చలికి అతని వేలు ఎర్రబడి, తర్వాత నీలమైంది.

"నొప్పిగా ఉందా?" అంది కూతురు మెల్లగా.

"ఇందాక ఉండేది. ఇప్పుడు వేలే లేదు."

మామయ్య కిసుక్కున నవ్వాడు. లాంతరు ఊగింది.

"దీపం సరిగా పట్టుకోరా" అంది తల్లి.

"నీ పెళ్ళి కుదిరిననాడు కూడా నేనే కదక్కా పట్టుకున్నాను. అప్పుడు చిన్నవాణ్ణి. ఇలాగే ఊగింది."

"అప్పుడు ముడుచుకోలేదు."

"ముడుచుకుంది."

తల్లి తల తిప్పింది.

"బావ వేలు పెట్టగానే ముడుచుకుంది అక్కా. నువ్వు సిగ్గుపడి తల వంచుకున్నావు. చాలాసేపు వంచుకున్నావు. బావ వేలు తియ్యలేదు. నువ్వు తల ఎత్తి చూసేసరికి విచ్చుకుంది."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదురా?"

"ముడుచుకోలేదని నువ్వు అంత సంతోషంగా చెప్పుకునేదానివి. రొట్టెలో ఉప్పు తక్కువైతే చెప్పగలను గానీ అది ఎలా చెప్పను?"

పంతులు, మేస్త్రీ, రంగులవాడు ఆ మెట్ల మీదుగా తల దించుకుని ఎక్కిపోయినట్టు తల్లికి కనిపించింది. అంతలో కూతురు లాంతరు వైపు చెయ్యి చూపింది. కొమ్మ చివర ఒక పువ్వు తల బయటపెట్టింది. దాని పక్కన ఇంకొకటి. అలా ఒక్కొక్కటీ వచ్చి, నీలబడిన ఆ వేలి చుట్టూ సన్నటి వేళ్ళు చాపాయి. అతనికి స్పర్శ లేదు గనక తెలియలేదు. ఆమె చెప్పింది.

"విచ్చుకుంది."

తల్లి లేచి నిలబడింది. "వేలు తియ్యి నాయనా. బట్టీ దగ్గర వెచ్చబెట్టుకో. చేతి పనివాడివి, వేలు పోతే ఎలా?" అంది. ఆ ఇంట్లో ఒప్పుకోవడమంటే అంతే. కూతురు అతన్ని పైకి తీసుకెళ్ళింది. వాళ్ళ వెనకే మామయ్య లాంతరుని మెట్టు మీద పెట్టేసి నడిచాడు.

తల్లి మాత్రం కిందనే ఉండిపోయింది. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళు పగడాన్ని తాకనక్కరలేదు. అందువల్ల ఆమె వేలు ఇంతవరకూ ఎవరూ పరీక్షించలేదు. ఆమె కొంగు నడుముకి దోపుకుని, వంగి, ఒక్క వేలు పెట్టింది.

పగడం ముడుచుకుంది.

పైనుంచి కూతురు కేక వేసింది. "అమ్మా, బట్టీలో రొట్టెలున్నాయి. నా చేతిలో ఇతని వేలుంది, నువ్వు రాకపోతే మాడిపోతాయి."

"మాడనీ" అంది తల్లి. "ఇంకా విచ్చుకోలేదు."

ఆమె పైకి వచ్చేసరికి రొట్టెల అడుగంతా నల్లబడింది. కొనడానికి వచ్చినవాళ్ళు బయట నిలబడి ఉన్నారు. తల్లి వాళ్ళ వైపు చూడలేదు. తిన్నగా అరుగు మీదికి వెళ్ళి, మాడిన ట్రే ఒకటి తమ్ముడి ఒళ్ళో పెట్టింది. ఆమె చూపుడువేలు ఇంకా నీలంగానే ఉంది.

"కుర్చీ లోపల వేసుకో" అంది.